లోపల దుమ్ము లేని మిషను

సామాను అమ్మేవాణ్ని అనుమానించడం ప్రమీలారాణికి కొత్త కాదు. తక్కెడ ముల్లు చూడకుండా ఆమె ఉల్లిపాయలు కూడా కొనదు. కాని ఈసారి అనుమానం అమ్మినవాడి మీద కాదు, కొన్నవాడి మీద. కొన్నవాడు సొంత మరిది రామ్మూర్తి. కొన్నది సంఘం డబ్బుతో. ఆ డబ్బుకు నలుగురిలో నిలబడి పూచీ పడింది తను.

గనుల ఊరు కిరందుల్‌లో, రైల్వే కాలనీ చివర రేకుల చర్చి ఉంది. కొండ మీది ఇనుపరాయిని కిందికి దించుకుపోవడానికి లైను వేసిన రోజుల్లో బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు కట్టుకున్న చర్చి అది. ఆ సంఘంలో మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పోతే శవపేటికను బజారులో కొనరు. మొదట్లో కొనడానికి ఇక్కడ బజారే లేదు. బజారు వచ్చాక కూడా కొనలేదు. పెట్టె కొన్నారంటే ఆ చనిపోయిన మనిషికి మనుషులు లేరని లెక్క. చెక్క సంఘానిది, చెయ్యి సంఘానిది. సుత్తి చప్పుడు ఇంటివాళ్ల చెవిన పడకూడదని పెట్టెను ఇంటి దగ్గర చెయ్యరు. సమాధుల వాలు మీద నాలుగు గుంజల పాక ఉంది, అక్కడ చేస్తారు. ఆ వాలు మీదికి కరెంటు తీగ వెళ్లలేదు.

పెట్టెలు చేసే పెద్దాయనకు కిందటి ఏడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆయన తరవాత చెక్కపని తెలిసినవాడు కాలనీలో రామ్మూర్తి ఒక్కడే. ఆ మాట అందరికీ తెలుసు, అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. ఎందుకంటే రెండేళ్ల కిందట లోడింగ్ ప్లాంటులో రాగి కేబులు చుట్ట ఒకటి పోయింది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కాంట్రాక్టు కూలీలందరినీ పిలిచి అడిగారు. రామ్మూర్తినీ అడిగారు. అతని దగ్గర ఏమీ దొరకలేదు, వదిలేశారు. అయినా ఠేకేదారు, అంటే ఆ కూలీల కాంట్రాక్టరు, గేటు పాసు వెనక్కి తీసేసుకున్నాడు. దొరకలేదు అన్న మాట కాలనీలో ఎవరికీ గుర్తులేదు. అడిగారు అన్న మాట మాత్రం అందరికీ గుర్తుంది. ఎవరింట్లో చెంబు కనపడకపోయినా ముందు రామ్మూర్తి ఊళ్లో ఉన్నాడా అని అడుగుతారు. అతను ఉండడం కూడా తక్కువే. జగదల్‌పూర్‌లో రంగుల పని అని చెప్పి వారాల తరబడి పోయి వస్తుంటాడు.

చేతిపనికి మనుషులు తగ్గారు కాబట్టి బ్యాటరీతో నడిచే మిషన్లు కొందామని సంఘంలో మాట వచ్చినప్పుడు భూషణం మొహం చిట్లించాడు. భూషణం రిటైరైన గూడ్స్ గార్డు, సంఘ పెద్ద.

"కొందాం. బాగానే ఉన్నాది. మరి మిషను ఆడి సేతికిస్తే మిషను మిగుల్తాదేటి?"

ఎవరి చేతికో చెప్పక్కర్లేకపోయింది. వెనక బల్ల మీద కూర్చున్న రామ్మూర్తి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అప్పుడు ప్రమీలారాణి లేచింది. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ కలిపి డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. బళ్లో లెక్కలు చెప్తుంది కాబట్టి సంఘం లెక్కలు కూడా ఆమెకే అప్పగించారు.

"మామయ్యగారూ, సామాను చర్చి బీరువాలో ఉంటుంది. తాళం నా దగ్గర ఉంటుంది. పెట్టె చెయ్యవలసినప్పుడే తీసి ఇస్తాను. ఏ తేడా వచ్చినా పూచీ నాది."

"సదువుకున్నోల్లకి పూచీ అన్న మాట తొందరగా వచ్చెస్తాది తల్లీ," అన్నాడు భూషణం. కాని ఒప్పుకున్నాడు.

ఉన్న డబ్బు కొంచెం. కావలసినవి మూడు. చెక్క కోసే రంపం మిషను, మరలు బిగించే డ్రిల్లు, అంచులు నునుపు చేసే మిషను. భూషణం మనసు సంతలో జీపు మీద అమ్మకానికి వచ్చిన సెట్టు మీద పడింది. అన్నీ ఒకే సూట్‌కేసులో ఉన్నాయి. బ్యాటరీ మీద నూట ఇరవై ఎనిమిది వోల్టులని పెద్ద అక్షరాలతో అంటించి ఉంది. ధర సంఘం డబ్బులో సగం కూడా లేదు.

వదిన, మరిది ఇద్దరూ సంతకు వెళ్లి చూశారు. రామ్మూర్తి బ్యాటరీని చేతిలో పట్టుకుని బరువు చూసి, మూత విప్పి చూపించమన్నాడు.

"ఖోల్‌నే సే గారంటీ ఖతమ్, భాయ్ సాబ్," అన్నాడు అమ్మేవాడు.

"ఇన్నావా వొదినా? మూత తెరిస్తే గారంటీ పోతాదట. అంటే గారంటీ మూతకేటి, లోపలున్నదానికి కాదేటి?"

"నవ్వడం కాదు. బాగాలేదని నీకెలా తెలుసు?"

"పక్కూరు బచేలీల ఒకల దగ్గర ఇలాటిదే కాలిపోతే నానే ఇప్పినాను. లోపల అయిదు సెల్లులు. ఒక్కోటీ నాలుగు వోల్టులు కూడా నేదు. నువ్వు లెక్కలు సెప్తావు గదా, కట్టు."

ఆమె కట్టింది. ఎంత సాగదీసినా ఇరవై దాటలేదు. "మరి నూట ఇరవై ఎనిమిది?"

"అవి స్టిక్కరు వోల్టులు."

పేరున్న కంపెనీ సామాను వేరే ఉంది. ఒకే బ్యాటరీ మూడు మిషన్లకూ పడుతుంది. అదే మంచిదని రామ్మూర్తి అన్నాడు. ఆమె బడి నుంచి వచ్చాక ఫోనులో ధరలు చూసింది. చూసేకొద్దీ నీరసం వచ్చింది. బొమ్మలో మిషను పక్కన కనపడే బ్యాటరీ ఆ ధరలో రాదు, ఛార్జరు రాదు. రంపం, డ్రిల్లు కొంటే బ్యాటరీకి డబ్బు ఉండదు. బ్యాటరీలు కొంటే వాటిని తగిలించడానికి మిషను ఉండదు.

"తక్కువలో ఎక్కువ పవరొస్తంటే నీకేటిరా బాద?" అని భూషణం రామ్మూర్తిని కసిరాడు.

"సాల్ చెక్క మామా. మేకునే వంచెస్తాది. మిషను సగం కోసి సచ్చిపోతే మిగతా సగం ఎవులు కోత్తారు?"

చివరికి, ఉన్నదాంట్లో ఏది మంచిదైతే అది తెమ్మని, బిల్లు తెమ్మని డబ్బు ఇచ్చారు. బళ్లో పరీక్షలు నడుస్తున్నాయి కాబట్టి ప్రమీలారాణి వెళ్లలేకపోయింది. రామ్మూర్తి ఒక్కడే వెళ్లి, పేరున్న కంపెనీవే మూడు మిషన్లు, రెండు బ్యాటరీలు, ఛార్జరు ఒక సూట్‌కేసులో పెట్టి పట్టుకొచ్చాడు.

"సెకండ్ హ్యాండు," అన్నాడు. "బచేలీల ఠేకేదారు ఒకడు పని ముగించుకుని ఎల్లిపోతా అమ్మీసినాడు. బిల్లు నేదు."

"ఎంతకు?"

సంఘం ఇచ్చిన డబ్బు ఎంతో అంత చెప్పాడు.

భూషణం రంపం మిషనును అటూ ఇటూ తిప్పి చూశాడు. స్టిక్కరు గీసుకుపోయి ఉంది, ఒళ్లంతా ఎర్రదుమ్ము. "పాతదే. ఎర్రగున్నాది గదా," అని తృప్తిపడ్డాడు. ప్రమీలారాణికి మాత్రం ఒక ప్రశ్న పళ్ల సందులో పీచులాగ ఇరుక్కుంది. సంఘం దగ్గర ఎంత డబ్బు ఉందో సరిగ్గా అంతే ధర చెప్పాలని ఆ బచేలీ ఠేకేదారుకు ఎలా తోచింది?

శుక్రవారం బడి అయ్యాక చర్చి ఊడ్చే వంతు ఆమెది. ఊడ్చి, బీరువా తెరిచి, మిషన్లు బల్ల మీద పెట్టుకుంది.

కిరందుల్‌లో దుమ్ము వస్తువు మీద వాలి ఊరుకోదు. లోపలికి దూరుతుంది. గోడ గడియారం అద్దం వెనక ఉంటుంది, మూత పెట్టిన బియ్యం డబ్బాలో ఉంటుంది, పాటల పుస్తకం కుట్టులో ఉంటుంది. టేబులు ఫ్యాను ఒక్క వేసవి తిరిగితే దాని కడుపులో గుప్పెడు ఎర్రమట్టి దొరుకుతుంది. గాలి పీల్చి చల్లబడే ప్రతి మిషనూ ఇక్కడ దుమ్మే పీలుస్తుంది. ఆ లెక్కన ఠేకేదారు వాడిన రంపం మోటారు ఎలా ఉండాలి?

ఆమె బ్యాటరీని వెనక్కి లాగి తీసింది. లోపల ఇత్తడి పట్టీలు ఇప్పుడే తోమినట్టు మెరుస్తున్నాయి. మోటారు గాలి సందుల్లోకి తలపిన్ను పెట్టి గీకింది. ఏమీ రాలేదు. నోటితో ఊదింది. ఏమీ రాలేదు. డ్రిల్లు చూసింది, అదీ అంతే. అప్పుడు పైన ఉన్న ఎరుపును తడివేలితో రాసింది. అది దుమ్ములాగ లేవలేదు, ఎండిన పూతలాగ పెచ్చులూడింది. పెచ్చు కింద మిషను కొత్త పెళ్లికూతురిలాగ నిగనిగలాడుతోంది. స్టిక్కరు మీది గీతలన్నీ ఒకే వైపుకి ఉన్నాయి.

సరికొత్త మిషన్లు. చేత్తో గీసి, చేత్తో పూసి పాత చేశారు. కొత్తదాన్ని పాతదని ఎవరు చెప్పుకుంటారు? ఎక్కడినుంచి వచ్చిందో తెలియకూడదనుకునేవాడు.

మరిదిని ముందు అడగాలని ఆమెకు తోచకపోలేదు. కాని అడిగితే వాడు ఏదో ఒకటి చెప్తాడు, చెప్పింది నమ్మాలనిపిస్తుంది. ఇంటి మనిషి కాబట్టి దాచిందంటారు. రేపు ఎవరైనా వచ్చి ఈ సామాను ఎక్కడిదని నిలదీస్తే సంఘంలో ఉన్న రైల్వే ఉద్యోగులందరి మెడకూ చుట్టుకుంటుంది. పెద్దలకు చెప్పడం తన విధి అనుకుంది. తాళం వేసి నేరుగా భూషణం ఇంటికి వెళ్లింది.

అంతా విని భూషణం కుర్చీలో వెనక్కి వాలాడు. "నానన్నానా?"

"నేను దొంగతనం అనడం లేదు మామయ్యగారూ. అనుమానంగా ఉంది అంటున్నాను."

"గని స్టోరుల ఏదేనా సామాను పోనాదని ఇన్నావా?"

"వినలేదు."

"ఇననేదంటే పోనేదని కాదు గదమ్మా." ఆయన మొహంలో బాధ కంటే సంతోషమే ఎక్కువ కనపడింది. అది చూసి ప్రమీలారాణికి వచ్చిన పని సగంలో ఆపేసి వెళ్లిపోవాలనిపించింది. "ఆదివారం అందరిల అడుగుదాం. అందాకా ఆ సామాను బీరువా దాటకూడదు. ఆడికి మాత్రం నువ్వేటీ సెప్పకు. తెలిస్తే పారిపోతాడు."

ఆదివారం రాకముందే, సంఘమంతా తాతమ్మ అని పిలిచే ముసలావిడ పోయింది. లైను వేసేటప్పుడు గ్యాంగులో తట్ట మోసిన మనిషి, సంఘంలో అందరికంటే పెద్దది. శనివారం తెల్లవారి పిలిస్తే పలకలేదు. కోరాపుట్‌లో ఉన్న కూతురు కబురు అందగానే జీపులో బయల్దేరింది. ఆమె వచ్చేసరికి పెట్టె ఉండాలి. మగవాళ్లు పలకలు మోసుకుని సమాధుల వాలుకి వెళ్లారు.

ప్రమీలారాణి చర్చి తలుపు తీసేసరికి రామ్మూర్తి వెనకే వచ్చాడు.

"బీరువా తియ్యి వొదినా."

ఆమె తియ్యలేదు. చీర చెంగుకు కట్టుకున్న తాళంచెవిని పిడికిట్లో పట్టుకుని నిలబడింది. "ముందు ఒకటి చెప్పు. ఆ మిషన్లు ఎక్కడివి?"

"సెప్పినాను గదా. బచేలీ ఠేకేదారు..."

"బచేలీ ఠేకేదారు మిషనులో దుమ్ము ఎందుకు లేదు?"

రామ్మూర్తి నవ్వకూడని చోట నవ్వాడు. "లోపల కూడా సూసినావేటి?"

"చూశాను."

"నాకు తట్టనేదు. పాతదంటే ఎర్రగుండాల అనుకున్నాను, అంతే. లోడింగు కాడ గుప్పెడు దుమ్ము తెచ్చి నీల్లు కలిపి పూసినాను. మోటారు లోపల ఎవులు సూత్తారనుకున్నాను. జగదల్‌పూర్ దుకానంల కొన్నాను, కొత్తవే. బిల్లు ఇంట్ల ఉన్నాది."

"మరి పాతవని ఎందుకు చెప్పావు?"

"కొత్తవంటే సంఘం డబ్బు సాలదని నీకు తెల్దా? మిగతా డబ్బు ఎక్కడిదంటారు."

"ఎక్కడిది?"

"నాదే."

"నీ డబ్బు పెట్టమని నిన్నెవరడిగారు?"

"ఎవులూ అడగనేదు." అతను బల్ల అంచు మీద కూర్చున్నాడు. "ఇంకోల సేతిల మిషను ఆగిపోతే అది మిషను తప్పు వొదినా. నా సేతిల ఆగిపోయిందనుకో, మంచి బ్యాటరీ అమ్మేసుకుని సెత్త బ్యాటరీ పెట్టినాడంటారు. ఆ సంత సామాను నానెలా కొంతాను? సౌక సామాను కొనడానికైనా మంచి పేరుండాల."

ఆమెకు ఆ మాట తగిలింది. అయినా వదల్లేదు. లెక్క ఒక అంకె దగ్గర ఆగిపోతే వదిలే అలవాటు ఆమెకు లేదు. "రంగుల పనిలో అంత మిగిలిందా?"

రామ్మూర్తి లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"రంగుల పని కాదు. తోంగ్‌పాల్ దాటినాక కొత్త క్యాంపు కట్టారు. ఆడ జవాన్లకి మంచాలూ అలమారాలూ సేసినాను. డబ్బులు బాగిచ్చినారు. నాతోపాటు బుధ్రా అనీవోడు సేసినాడు. మంచి పనోడు. ఆడిది ఆ పక్క ఊరే."

ప్రమీలారాణికి ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. ఆ దారిలో పోలీసు క్యాంపుకి మేకు కొట్టినవాణ్ని, ఎవరికి ఏ వార్త మోశావని రేపు అడవిలోంచి దళం వచ్చి ఎలా అడుగుతుందో, అడిగాక ఏం జరుగుతుందో కిరందుల్‌లో బడిపిల్లలకు కూడా తెలుసు.

"నానైతే కాలనీల ఉంటాను," అన్నాడు రామ్మూర్తి. "ఆడు ఊర్ల ఉంటాడు. పెళ్లాం పిల్లలు ఊర్ల ఉంటారు. నా పేరు బయటికొస్తే ఆడి పేరు ఎనకాలే వచ్చెస్తాది."

"నాకైనా చెప్పవలసింది."

"నీకు సెప్తే అన్నకి సెప్తావు. అన్న టేసన్ కాడ టీ తాగతా సెప్తాడు. ఆ టీ కొట్టుకి ఊరోల్లు రారేటి?" తాళంచెవి పిడికిట్లోంచి ఇంకా బయటికి రాకపోవడం చూసి అతను ఆగాడు. "ఏటి వొదినా? ఇంకా ఏటున్నాది?"

"నిన్న భూషణం మామయ్యగారికి చెప్పేశాను."

"ఏటని?"

"అనుమానంగా ఉందని."

"నన్నడక్కుండానే?"

విధి అనుకున్నది, ముందుచూపు అనుకున్నది, రెండూ ఇప్పుడు ఆమెకు వట్టి సాకుల్లా కనిపించాయి. రామ్మూర్తి ఆమెను చూసి తల ఊపాడు. కాలనీలో ఎవరేమన్నా తల ఊపినట్టే ఊపాడు. ఇన్నాళ్లూ ఆమెకు ఆ ఊపు పక్కనుంచి కనపడేది. ఎదురుగా చూడడం ఇదే మొదలు.

"సరేలే. సామాను నీ బీరువాల ఉంచు. నాను సేతి రంపంతో కోత్తాను," అని వెళ్లిపోయాడు.

ఆమె బీరువా తెరిచింది. సూట్‌కేసు తానే ఎత్తుకుని వాలు ఎక్కింది. అది బరువుగా ఉంది, దారి ఏటవాలుగా ఉంది, ఆ రెండింటి వల్లా కొంత ఆలోచించే వ్యవధి దొరికింది. నిజం చెప్పడానికి లేదు. చెప్పకపోతే దొంగసామాను. మూడో దారి ఒకటే ఉంది, అది అబద్ధం. చావు రోజున, సమాధుల మధ్య, సంఘం ముందు.

పాక కింద రామ్మూర్తి సాల్ పలక మీద మోకాలు ఆనించి చేతి రంపం లాగుతున్నాడు. పలక రెండో కొస పట్టుకున్నవాడు అతని అన్న, ఆమె భర్త పైడయ్య. లైను మీద పట్టాల బిగింపులు చూసే కీమ్యాన్. రంపం వేలెడు లోతు కూడా దిగలేదు. చుట్టూ ఉన్నవాళ్లు దాన్నే చూస్తున్నారు.

"ఆ సామాను ఎందుకు తెచ్చినావమ్మా?" భూషణం గొంతు గట్టిగానే వచ్చింది. "నానేటి సెప్పినాను? ఎక్కడిదో తేలందే ముట్టుకోకూడదన్నానా నేదా?"

అందరూ పని ఆపారు. రంపం కూడా ఆగింది.

"తేలింది మామయ్యగారూ. ఇవి కొత్తవే. జగదల్‌పూర్ దుకాణంలో కొన్నవి. బిల్లు ఉంది. సంఘం డబ్బు చాలకపోతే మిగతాది నేను వేశాను."

"నువ్వేసినావా?"

"అవును. నా ట్యూషన్ల డబ్బు. నా పేరు బయట పడడం ఇష్టం లేక పాతవని చెప్పమన్నాను."

రామ్మూర్తి తల ఎత్తాడు. పైడయ్య కూడా ఎత్తాడు.

భూషణం ఊరికే గార్డు పని చెయ్యలేదు. వ్యాగన్ల సీళ్లు చూసి చూసి పండిన కళ్లు ఆయనవి. "డబ్బేసింది నువ్వయితే, నిన్న మా ఇంటికొచ్చి అనుమానమని ఎందుకు సెప్పినావు?"

అబద్ధం ఒక్కటే సిద్ధం చేసుకుని వచ్చింది ఆమె. దానికి తోడు ఇంకొకటి కావలసి వస్తుందని అనుకోలేదు.

"నేను డబ్బిచ్చాను కాని కొనేటప్పుడు చూడలేదు కదా. మీదంతా పూత చూసేసరికి, నా డబ్బు తినేసి ఎక్కడిదో సామాను తెచ్చి అంటగట్టాడనుకున్నాను. పొద్దున్న బిల్లు చూశాను. నేనే తప్పుగా అనుకున్నాను. ఈ మాట అందరి ముందూ చెప్పాలనే ఈ సామాను మోసుకొచ్చాను."

ఆ చివరి రెండు మాటలూ నిజం. అవి నిజం కాబట్టే కాబోలు, గొంతు సరిగ్గా పలికింది.

"ట్యూషన్లల అంత మిగుల్తాదేటి?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఇంకెవరో, "బల్లో పిల్లల ఫీజులు కూడా ఈవిడే వసూలు సేస్తాదట గదా," అన్నారు. గట్టిగా కాదు, వినపడేటంత. ఇంతలో కింద రోడ్డు మీద జీపు హారను మోగింది. కోరాపుట్ జీపు కాదు, వేరేది. కాని అందరికీ వేళ గుర్తొచ్చింది.

"బిల్లు నాకు సూపించాల," అన్నాడు భూషణం. "లెక్క తరవాత సూసుకుందాం. ముందు పని కానీండి."

రామ్మూర్తి కదల్లేదు. ప్రమీలారాణి సూట్‌కేసు తెరిచి రంపం మిషనుకు బ్యాటరీ తోసి అతని ముందు పెట్టింది. "కొయ్యి."

"ఎందుకు వొదినా?" అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేలా.

"కూతురు వచ్చే వేళయింది. కొయ్యి."

మిషను పాక అదిరేలా మోగింది. సాల్ చెక్క మొదట మొండికేసి, తరవాత గాటు ఇచ్చింది. ఎర్రటి పొట్టు రామ్మూర్తి చేతుల మీద, పైడయ్య చేతుల మీద పడింది. పలక తరవాత పలక తెగింది, ఎక్కడా ఆగలేదు. ఆగకపోవడం కొందరికి నిరాశగానే ఉందని ప్రమీలారాణికి అనిపించింది. మరలు బిగించి, అంచులు నునుపు చేసి, తాతమ్మ కూతురు వాలు కిందికి వచ్చేసరికి పెట్టె సిద్ధం చేశారు. కూతురు పెట్టె అంచును అరచేత్తో నిమిరి, "ఎవరు సేసినారు బావు?" అని అడిగింది. సంఘం, అని భూషణం చెప్పాడు.

గొయ్యి పూడ్చడం అయ్యాక భూషణం ప్రమీలారాణి దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. ఆమె చెంగు ముడి విప్పి, సంఘం లెక్కలు కూడా ఉండే ఆ బీరువా తాళంచెవి ఇచ్చింది. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని, "మిషన్లు మాత్రం ఆడి సేతిలనే ఉండనీ. బాగానే కోసినాడు," అన్నాడు. దానితో రామ్మూర్తి మీద కేసు కొట్టేసినట్టే అయింది. ఆడవాళ్లు ఆమెకు దారి ఇవ్వడానికి కొంచెం ఎక్కువే పక్కకు జరిగారు. ఒకావిడ ఆమె మెడలో గొలుసు వైపు చూసి చూపు తిప్పుకుంది. ఆ గొలుసు పెళ్లప్పటిది, అందరికీ తెలిసినదే.

తిరిగి వచ్చేటప్పుడు పైడయ్య స్కూటరు నెమ్మదిగా నడిపాడు. చెక్కపొట్టు ఇంకా అతని భుజాల మీద ఉంది. కొండ మీద నుంచి ఇనుపరాయిని దించే బెల్టు చప్పుడు దారి పొడుగునా వస్తూనే ఉంది. ప్లాంటు మలుపు దాటారు.

"ట్యూషన్ల డబ్బు నెలనెలా నా సేతికే ఇత్తన్నావు గదా," అన్నాడు, తల వెనక్కి తిప్పకుండా. "మరి ఇదెక్కడిది?"

ఆమె గాలికి ఎగురుతున్న చెంగును ఒళ్లోకి లాక్కుంది.

"ఎన్నాల్ల నించి దాస్తన్నావు?"

"దాచలేదండీ."

"దాసకపోతే ఎక్కడినించొస్తాది?" స్కూటరు ఇంకా నెమ్మదించింది. "పోనీ దాసినావు. నాకు సెప్పనేదు. ఆడికి సెప్పినావు. ఆడికిచ్చినావు."

ఆ చివరి మాటను అతను అన్న తీరు ఆమెకు కొత్తగా ఉంది. పెళ్లయి ఇన్నేళ్లలో భర్త నోటినుంచి ఆ స్వరం ఆమె వినలేదు. పక్కనుంచి ఆటో ఒకటి దాటిపోయింది. అందులో రామ్మూర్తి, ఒళ్లో సూట్‌కేసు. వదినను చూసి చెయ్యి ఎత్తబోయి, అన్న మొహం చూసి దించేశాడు. పైడయ్య అదీ చూశాడు.

"ఇంటికెళ్లాక చెప్తాను," అంది ప్రమీలారాణి.

టీ కొట్టు వచ్చింది. బల్లల మీద ఎప్పటి మనుషులే ఉన్నారు. స్టేషను వాళ్లు, సంతకు వచ్చి బస్సు కోసం చూస్తున్న ఊళ్లవాళ్లు. ఒకతను పైడయ్యను పేరు పెట్టి పిలిచి గ్లాసు ఎత్తి చూపించాడు. పైడయ్య ఆగలేదు, వస్తానని చెయ్యి ఊపాడు. రోజూ ఆగే మనిషి. ఇంటి దగ్గర ఆమెను దించి, విన్నది విని, నేరుగా అక్కడికే వస్తాడు.

కాలనీ గేటు కనపడుతోంది. గేటు నుంచి క్వార్టరు దాకా ఒకటే వీధి. ఆ వీధి అయిపోయేలోపు ఇంకో అబద్ధం కావాలి. ఈసారిది సంఘానికి కాదు, మొగుడికి. ప్రమీలారాణి వెతుకుతూనే ఉంది. స్కూటరు గేటు దాటింది.